బ్రేక్ ఆయిల్ రంగు

జులై 8, మంగళవారం

తెల్లవారినప్పటి నుంచి పడమటి గాలి. దుర్గం వైపు నుంచి దుమ్ము లేపుకుని వస్తోంది. వాన జాడ లేదు. షెడ్డు రేకులు సాయంత్రం దాకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

పని: ఆటోకు క్లచ్ కేబుల్. ట్రాక్టర్ హైడ్రాలిక్ పంపుకు సీలు. మధ్యాహ్నం నుంచి వరికుంటపాడు మునెయ్య పికప్‌కు బ్రేకులు. గొర్రెలను సంతలకు తోలే బండి.

బ్రేక్ ఆయిల్ మార్చి మూడేళ్లయిందట. డబ్బా మూత తీస్తే కషాయంలా ఉంది. అడిగితే, "తగ్గినప్పుడల్లా పోస్తానే ఉండా గదా సాయిబూ, ఇంక మార్చేదెందుకు?" అన్నాడు. ఈ పక్క అందరిదీ అదే పద్ధతి. తగ్గితే పోస్తారు, మార్చరు. ఆ ఆయిల్ గాలిలో తేమను తాగుతుంది. తేమ పట్టిన ఆయిల్ దిగుడులో బ్రేకు వేడికి మరుగుతుంది. మరిగితే ఆవిరి. ఆవిరి చేరితే పెడల్ నేలకు పోతుంది. ఇదంతా మునెయ్యకు చెప్పాను.

"ఇన్నేళ్లు పోలేదే" అన్నాడు.

నా భార్య షరీఫా డ్రైవర్ సీట్లో, పెడల్ మీద కాలు పెట్టి కూర్చుంది. పంతొమ్మిదేళ్లుగా ఆమే. నేను చక్రం దగ్గర కూర్చుని, గాలి బయటికి తీసే నిపిల్‌కు లోపల కనపడే సన్న పైపు తగిలించి, రెండో కొస సీసాలో వేసి, "కొట్టు, కొట్టు, పట్టు" అంటాను. ఆమె తొక్కి పట్టుకున్నాక నిపిల్ విప్పితే పాత ఆయిల్, లోపలి గాలి పైపులోకి వస్తాయి. బిగించాక "వదులు" అంటాను. పైపులో బుడగలు ఆగి, ఆయిల్ తేనె రంగుకు వచ్చేదాకా ఇదే పని. పైపును కుడి కన్ను మూసి, ఎడమ కంటికి దగ్గరగా పెట్టి చూస్తాను. మద్రాసులో నేర్చిన అలవాటు.

ఇవాళ రంగు రాలేదు. ఒక టిన్ను అయిపోయింది. రెండో టిన్ను సగం అయింది. ఇంకా టీ రంగే. సీలు తీసి పోస్తున్న ఆయిల్ టీ రంగులో ఎలా వస్తుంది? ఇది షరీఫా తమ్ముడు జబీవుల్లా పని. ఆత్మకూరులో వాడి స్పేర్ పార్టుల షాపు నుంచే తెస్తున్నాను. పాత సరుకు అంటగట్టినట్టున్నాడు.

షరీఫా సీట్లోంచే, ఎప్పటిలా మా అమ్మాయి పేరుతో పిలిచి అంది: "సుమయా అబ్బా, ఇంకా మెత్తగా ఉండాది. స్పాంజి తొక్కినట్టుండాది."

"లోడు బండి. అట్నే ఉంటాది."

"పైన డబ్బాలో ఆయిలుండాదా? చూసినావా?"

చూశాను. బాగా అడుగుకు పోయింది. పోశాను. బుడగలు రాలేదు. నాకు కనపడలేదంటే రానట్టే.

ఐదున్నరకు మునెయ్య తోలుకుపోయాడు.

జులై 9, బుధవారం

గాలి తగ్గలేదు. పని తక్కువ.

నాగేంద్రబాబు ఫోన్ చేశాడు. ఆత్మకూరులో బోరు మోటార్ల షాపు అతనిది. ఎర్ర కారుంది. దాంట్లోనే రోజూ తిరుగుతాడు, దాన్నే ఏడాదికి రెండుసార్లు చెన్నై అవతల రేసుల ట్రాక్‌కు తీసుకెళ్తాడు. షోరూమ్‌కు పోడు. నలభై కిలోమీటర్ల పైన దారి ఉన్నా నా దగ్గరికే వస్తాడు. నేను పదకొండేళ్లు మద్రాసులో రేసు కార్ల షెడ్డులో చేశానని ఈ చుట్టుపక్కల తెలిసిన మనిషి అతనొక్కడే. తెలిసి పట్టించుకున్నదీ అతనొక్కడే.

ఆగస్టు 3 ఆదివారం ట్రాక్ ఉందట.

"భాయ్, బ్రేక్ ఆయిలు జనవరిలోనే మార్చినాం గదా. మళ్లా మార్చాల్నా?"

"రోడ్డు మీద తిరిగేదానికైతే రెండేళ్ల దాకా అడగక్కర్లా. ఘాట్‌లో బరువేసుకోని తిరిగితే ఏడాది. ట్రాక్‌కి నెలల లెక్క లేదు. పోయే ముందర ఎయిర్ తీయాల. వచ్చినాక తీయాల. ఆడ మధ్యలో పెడల్ మెత్తబడితే కారు పక్కన పెట్టి మళ్లా తీయాల."

"ఆడ నాకెవురు తీస్తారు? ఈసారి నువ్వు రా భాయ్."

వస్తానన్నాను. ట్రాక్ చూసి ఇరవై ఏళ్లయింది. కాలిన బ్రేకుల వాసన, రబ్బరు వాసన. షరీఫాకు చెబితే, "పోయిరా, నీకీడ ఎవురడ్డం" అంది.

జులై 11, శుక్రవారం

జుమ్మా. మధ్యాహ్నం నుంచి షెడ్డు తీయలేదు.

జులై 14, సోమవారం

ఎండ. గాలి.

పదకొండు గంటలకు మునెయ్య బండిని ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చారు. దుత్తలూరు దగ్గర దిగుడులో పెడల్ కిందికి పోయిందట. మూడు నాలుగుసార్లు కొట్టాక కొంచెం పట్టింది. అప్పటికే రోడ్డు పక్క కంకర కుప్ప ఎక్కేశాడు. వెనక నలభై గొర్రెలు. రెండు చచ్చాయి, ఒకదానికి కాలు విరిగింది. మునెయ్య మూతి స్టీరింగుకు కొట్టుకుని పగిలింది. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి సరిపోయింది.

పగిలిన పెదవితోనే అన్నాడు: "ఏం సాయిబూ, గొర్రెలను సంతకు తోలమంటే నేరుగా పైకి తోలిస్తివే."

"ఎంత లోడేసినావు?"

"ఎప్పుడూ ఏసేదే. లోడు సంగతి నాకు చెప్పబాకు. బండి నీ కాడ్నుంచి పోయి వారం కాలేదు. నాలుగు దినాలు బాగుండింది, ఈ పొద్దు పోయింది."

"ఆయిలు మంచిది గాదు మునెయ్యా. పాత సరుకు. నా బామ్మర్ది మోసం చేసినాడు."

అతను నా ముఖంకేసి చూశాడు. తర్వాత షరీఫా వైపు చూశాడు. షరీఫా బండి అవతల పక్కన నిలబడి ఉంది. మునెయ్య బండిని మళ్లీ ట్రాక్టర్‌కు కట్టించుకుని వెళ్లిపోయాడు. నేను బాగుచేసి ఇస్తానన్నా వినలేదు.

తప్పు ఆయిల్‌దే. రేపు ఆత్మకూరు పోతాను.

జులై 15, మంగళవారం

పొద్దున బస్సుకు ఆత్మకూరు పోయాను. మిగిలిన మూడు టిన్నులు సంచిలో వేసుకుని పోయాను.

షాపులో జనం ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. టిన్నులు కౌంటర్ మీద పెట్టి, "ఏందిరా ఇది? ఎన్నేళ్ల సరుకు?" అన్నాను.

జబీవుల్లా తిప్పి చూసి, బావనన్న మర్యాద తప్పకుండా, "మార్చిలో తయారైంది దులాభాయ్. ఈడ అచ్చు వేసుండాది చూడు" అన్నాడు. అంత చిన్న అక్షరాలు అచ్చువేసేదే ఎవరూ చదవకూడదని.

"అచ్చు ఎవుడన్నా ఏస్తాడు. లోపల పాత ఆయిలు పోసి అమ్ముతా ఉండావు. నీ ఆయిలు వల్ల మునెయ్య బండి కంకర గుట్ట ఎక్కింది. మనిషి పోవల్సింది."

జనం చూస్తున్నారు. ఒకతను చేతిలో ఉన్న టిన్ను కౌంటర్ మీద పెట్టేసి దిగిపోయాడు. జబీవుల్లా ముఖం ఎర్రబడింది. నోరు జారలేదు. లోపల్నుంచి గాజు గ్లాసు తెచ్చి, నేను తెచ్చిన టిన్నుల్లోనే ఒకటి నా చేత సీలు తీయించి, గ్లాసులో పోశాడు.

"చెప్పండన్నా, ఎట్లుండాది?" అని అక్కడున్నవాళ్లను అడిగాడు.

"తేనె మాదిరుండాది" అన్నాడొకడు. "నీళ్ల మాదిరుండాది" అన్నాడింకొకడు.

నేను గ్లాసెత్తి, కుడి కన్ను మూసి చూశాను. టీ. పాలు పోయని టీ.

అదే చెప్పాను. ఒకడు నవ్వాడు. వాళ్లంతా వాడి గిరాకీ. వాడి మాటే అంటారు.

జబీవుల్లా మాత్రం నవ్వలేదు. గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, "దులాభాయ్, కూర్చో. టీ తెప్పిస్తా" అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనం నాకు నచ్చలేదు. కూర్చోలేదు. సీలు తీయని రెండు టిన్నులు సంచిలో వేసుకుని పన్నెండు బస్సుకు వచ్చేశాను.

జులై 17, గురువారం

పొద్దున షరీఫా టీ గ్లాసు పెడుతూ అంది: "శనివారం ఆత్మకూరులో కళ్ల క్యాంపంట. జబీ ఫోన్ చేసినాడు. పోయిరా."

"నా కళ్లకేమైంది?"

"నిన్న పది నంబరు స్పానర్ అనుకోని పదకొండు పట్టుకోని, బోల్టు జారతా ఉండాదని పది నిమిషాలు తిట్టినావు."

"స్పానర్ మీద అంకెలు అరిగిపోయినాయి."

"కంట్లో పొర వచ్చుంటాది. మా అబ్బాకీ ఇట్నే వచ్చింది. పసుపు పచ్చగా కనపడతా ఉండాదనేవాడు అన్నీ."

అక్కాతమ్ముడూ మాట్లాడుకున్నారన్న మాట. తమ్ముడి సరుకును కాపాడాలంటే నా కళ్లు పోవాలి.

స్పానర్ల సెట్టు కొత్తది కొనాలి.

జులై 20, ఆదివారం

నిన్న క్యాంపుకు పోలేదు.

ఇవాళ మబ్బు. చినుకు పడలేదు. వెలుతురు చాలనందున బ్రేకు పనులు రెండు వెనక్కి పంపాను.

జులై 22, మంగళవారం

షరీఫా అవసరానికి మించి మాట్లాడడం లేదు. మంచిదే. పని సాగుతుంది.

జులై 24, గురువారం

ఎండ బాగా కాసింది.

నెల్లూరు నుంచి బస్సు డ్రైవర్ చేత వేరే షాపు ఆయిల్ తెప్పించాను. వేరే కంపెనీ. కొత్త పైపు కూడా తెప్పించాను, పాత పైపు మసకబారింది కాబట్టి. షెడ్డులో కొత్త ట్యూబులైటు పెట్టించాను. టిన్ను తీసి సీసాలో పోసి చూశాను.

టీ రంగు.

నెల్లూరు సరుకూ అంతే. కంపెనీలన్నీ ఒకటే.

సుమయా ఫోన్ చేసింది. నెల్లూరులో అల్లుడి ఉద్యోగం, పిల్లాడి బడి, అన్నీ చెప్పి చివర్న, "అబ్బా, అమ్మీ మాటినొచ్చు గదా" అంది. ఏ మాట అని అడిగితే చెప్పలేదు. కూతురి దాకా పోయింది.

జులై 26, శనివారం

ట్రాక్ దగ్గరికి తీసుకుపోవాల్సినవి: స్పానర్లు, పైపు, సీసా, జాకీ, గుడ్డలు, నాలుగు టిన్నులు. ఎవరి టిన్నులో ఇంకా అనుకోలేదు.

జులై 30, బుధవారం

నాగేంద్రబాబు కారు తెచ్చి వదిలాడు. కొత్త టైర్లు వేయించాడు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు కూడా వేరేవి, వేడికి ఆగేవి. మనిషి హుషారుగా ఉన్నాడు.

"మెయిన్ స్ట్రెయిట్, ఆ తిన్నటి దారి చివర్లో నూటయాభైలో ఉంటా భాయ్. ఆడ మలుపుకి అరవైకి తెచ్చుకోవాల. ప్రతి రౌండుకీ. కిందటిసారి నాలుగో రౌండుకి పెడల్ దిగినట్టనిపించి బయటికొచ్చేసినా. ఈసారి భయం లేకుండా తోలాల."

"మీ ఇంట్లో ఏమంటారు?"

"నవ్యశ్రీకి మోటార్ల కంపెనీ మీటింగని చెప్పినా. నువ్వు ఫోనెత్తి నోరు జారబాకు. శనివారం పన్నెండుకి వస్తా. ఈడ్నుంచి ఇట్నే చెన్నై. నువ్వు రెడీగా ఉండు."

షరీఫా షెడ్డు గడపలో నిలబడి వింది. నూటయాభై అన్నప్పుడు నా వైపు చూసింది.

అతను బస్సుకు పోయాడు.

జులై 31, గురువారం

పొద్దున ఎండ పడకముందే మొదలుపెట్టాను. ఎడమ వెనక చక్రంతో మొదలు. నెల్లూరు ఆయిల్ వాడాను. రంగు పట్టించుకోదలచుకోలేదు. సరుకే అంత అయినప్పుడు రంగు చూసి లాభం లేదు. బుడగలు చూస్తే చాలు. బుడగలు లేవు.

నాలుగు చక్రాలూ అయ్యాయి.

"మెత్తగా ఉండాది" అంది షరీఫా.

మళ్లీ నాలుగూ చేశాను.

"మెత్తగానే ఉండాది. మొదట కొట్టినప్పుడు సగం పోతాది. రెండోసారికి పైకొస్తాది. గాలుండాది లోపల."

"పైపులో ఒక్క బుడగ లేదు. నేను చూస్తా ఉండా గదా."

"నువ్వు చూస్తా ఉండావు. నేను తొక్కతా ఉండా. మునెయ్య బండప్పుడూ ఇదే చెప్పినా."

"మునెయ్య సంగతి ఎత్తబాకు."

ఆమె తలుపు తీసి కిందికి దిగింది. చెప్పులేసుకుంది. "నా కాలితో అవునని చెప్పి ఆ మనిషిని పంపను. నువ్వే తొక్కుకో, నువ్వే చూసుకో." ఇంట్లోకి పోయింది.

పంతొమ్మిదేళ్లలో పని మధ్యలో దిగింది ఇదే మొదటిసారి.

నేనొక్కణ్ణే చేసుకున్నాను. సీటుకు, పెడల్‌కు మధ్య కర్ర బిగించి. ఒక్కడు చేసే పద్ధతి కూడా ఉంది. మద్రాసులో చేసేవాళ్లం. బాగానే వచ్చింది. కారు బాగుంది.

కారు బాగుంది.

ఆగస్టు 1, శుక్రవారం

జుమ్మా నుంచి వచ్చి కారును మరోసారి చూద్దామని సీసా తీశాను. నిన్న పైపులోంచి కారిన ఆయిల్ అందులో ఉంది. బయట ఎండలోకి తీసుకుపోయి పట్టుకున్నాను. గాలికి దుమ్ము లేచి ఎడమ కంట్లో పడింది. మండింది. ఎడమ కన్ను మూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, కుడి కంటితో సీసా చూశాను.

తేనె రంగు.

నీళ్లతో ఎడమ కన్ను కడుక్కున్నాను. దుమ్ము పోయింది. కుడి కన్ను మూసి చూశాను. టీ. ఎడమ కన్ను మూశాను. తేనె. కుడి మూశాను. టీ.

ఏడెనిమిదిసార్లు చేశాను. అదే సీసా. అదే ఎండ.

జబీవుల్లా షాపు టిన్నుల్లో ఒకటి షెడ్డులో మిగిలి ఉంది. సీలు తీసి చూశాను. కుడి కంటికి అది కూడా తేనె రంగే. మునెయ్య బండిలో మొదటి టిన్ను సగానికే రంగు వచ్చి ఉంటుంది. రాలేదనుకుని ఇంకా ఇంకా కారుస్తూ పోయాను. పైన డబ్బా అడుగుకు వచ్చేసింది. అడుగుకు వస్తే గాలి తాగుతుంది. తాగిన గాలి పైపులోంచి బుడగలుగా వచ్చే ఉంటుంది. నేను చూడలేదు.

షెడ్డులో కూర్చున్నాను. కుడి కన్ను ఉంది కదా అనిపించింది. దాంతో చేస్తే సరిపోతుంది. ఎవరికీ చెప్పనక్కర్లేదు. కర్ర మళ్లీ బిగించి, ఎడమ వెనక నిపిల్ విప్పి, కుడి కంటితో పైపు చూశాను. రంగు బాగుంది. బుడగలు లేవు.

వెనక నుంచి షరీఫా గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చిందో తెలియదు. రెండు గజాల అవతల చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"అవిగో, పోతా ఉండాయి గదా. ఆవగింజల మాదిరి."

"ఎక్కడ?"

"పైపులో. నీ చేతి కాడ. ఇంకోటి పోయింది."

కుడి కంటితో చూశాను. రెండు కళ్లతో చూశాను. నాకు పైపు మాత్రమే కనిపించింది.

నిపిల్ బిగించాను. స్పానర్ ఆమె ముందుకు పట్టాను. "రేపు పొద్దున చక్రం కాడ నువ్వు కూర్చో. నేను తొక్కతా" అన్నాను.

స్పానర్ తీసుకుని తిప్పి చూసింది. "ఇది పదకొండు" అంది. పది వెతికి తెచ్చుకుంది.

ఆగస్టు 2, శనివారం

గాలి లేదు. ఎండ. ఆరు గంటలకు మొదలుపెట్టాం.

పెడల్ మీద నేను కూర్చున్నాను. చక్రం దగ్గర షరీఫా. కొంగు నడుముకు దోపుకుని, పీట వేసుకుని కూర్చుంది. మొదట తొక్కగానే కాలు సగం దాకా పోయింది. ఆమె స్పాంజి అన్నది ఇదే. ఇన్నేళ్లూ బ్రేకును చక్రం దగ్గర నుంచే చూశాను. ఎయిర్ తీసేటప్పుడు పెడల్ ఎలా ఉంటుందో నా కాలికి తెలియదు.

"కొట్టు. కొట్టు. పట్టు" అంది. ఏ తడబాటూ లేదు. నా మాటలే, నా లెక్కే.

రెండో చక్రం దగ్గర ఆమె నిపిల్ బిగించకముందే కాలు ఎత్తేశాను. బయటి గాలి లోపలికి పోయింది. మొదటి నుంచి మళ్లీ చేయాలి.

"పట్టమన్నా గదా. నేను ఎప్పుడన్నా ముందే వదిలినానా?"

వదల్లేదు. ఒక్కసారి కూడా.

తొమ్మిదిన్నర బస్సుకు జబీవుల్లా వచ్చాడు. షరీఫా నిన్ననే ఫోన్ చేసి ఉంటుంది. సంచిలో ఆరు టిన్నులు. కౌంటర్ ముందు అన్నన్ని మాటలు పడ్డవాడు, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నేను సీట్లోంచి దిగలేదు. పెడల్ పట్టుకుని ఉన్నాను.

"నా ఆయిలు ఇప్పుడెట్లుండాది దులాభాయ్?"

"కుడి కంటికి బాగుండాది."

వాడు నవ్వాడు. షరీఫా నవ్వలేదు. "వాగింది చాలు, మూత తీసి పొయ్యి. డబ్బా సగం దాటి కిందికి రానీబాకు" అంది తమ్ముడితో. వాడు పైన డబ్బా కాపలా కాశాడు. నెల్లూరు ఆయిల్ అంతా తీసేసి వాడి ఆయిల్ పోశాం.

మధ్యలో మునెయ్యకు ఫోన్ చేశాను. తప్పు ఆయిల్‌ది కాదు, నాదే అని చెప్పాను. గొర్రెల నష్టం కూడా నాదేనన్నాను.

"తెలుసులే సాయిబూ" అన్నాడు. "మీ ఆడమనిషి బండి కంకర ఎక్కిన మర్నాడే ఫోన్ చేసి, బండి రోడ్డు మీదకి తీయబాక, ఇంకెవురి చేతన్నా ఎయిర్ తీపియ్యమని చెప్పింది. దుత్తలూరులో తీపించినా. ఈసారి సంతకి నువ్వొచ్చి నా పక్కన కూర్చో. అప్పుడు నమ్మతా."

షరీఫా వైపు చూశాను. ఆమె ముందు చక్రం నిపిల్ తుడుస్తోంది. మునెయ్య ఫోన్ అని తెలిసినా తలెత్తలేదు. ఆమె ఫోన్ చేసి పద్దెనిమిది రోజులయింది. ఈ పద్దెనిమిది రోజులూ నాకు టీ పెట్టింది, అన్నం పెట్టింది, పెడల్ తొక్కింది.

పదకొండుకు పెడల్ రాయిలా నిలబడింది. ఎంత తొక్కినా అంగుళం దాటి పోవడం లేదు. నేను దిగి ఆమెను కూర్చోబెట్టాను. పదిసార్లు కొట్టింది. పట్టుకుని నిమిషం ఉంది. "ఇప్పుడు సరే" అంది.

పన్నెండుకు ముందే నాగేంద్రబాబు వచ్చాడు. బ్యాగు భుజాన ఉంది. షరీఫా చేతిలో స్పానర్ చూసి, "ఏంది భాయ్, అక్కకి ప్రమోషనా?" అన్నాడు.

చెప్పాను. కన్ను సంగతి, మునెయ్య బండి సంగతి, మొన్న చేసిన పని సంగతి. జబీవుల్లా షాపులో నేనన్న మాటలు కూడా చెప్పాను. చెప్పేదానికి ఎంతో సేపు పట్టలేదు.

అతను బ్యాగు కింద పెట్టాడు.

"నిన్ననే వచ్చి కారడిగుంటే?"

"ఇచ్చేవాణ్ణి."

"బ్రేకులు బాగుండాయని చెప్పి?"

"బాగుండాయనే చెప్పేవాణ్ణి."

"నూటయాభైలో ఉంటానని నీకు చెప్పినా భాయ్. ఈడ్నే, ఈ షెడ్డులోనే నిలబడి చెప్పినా."

"చెప్పినావు."

ఆ తర్వాత నన్ను భాయ్ అనలేదు. తాళం అడిగి తీసుకున్నాడు. కారు తీసుకుని దుత్తలూరు రోడ్డు మీద పోయాడు. నలభై నిమిషాలు. షరీఫా అన్నం తెచ్చి పెడితే జబీవుల్లా తిన్నాడు. నేను స్పానర్లు తుడుస్తూ కూర్చున్నాను. రోడ్డు మీద ఏ కారు శబ్దం విన్నా ముగ్గురమూ తలెత్తాం.

తిరిగి వచ్చాడు. కారు దగ్గర కాలిన బ్రేకు వాసన. చక్రాల నుంచి సెగ కొడుతోంది. దిగి, షరీఫాతో అన్నాడు: "అక్కా, దిగుడులో ఎనిమిదిసార్లు గట్టిగా తొక్కినా. ఒక్కసారి కూడా దిగలా."

"చల్లారినాక ఒకతూరి నేను తొక్కి చూస్తా. అప్పుడు చెప్తా" అంది ఆమె.

చల్లారాక తొక్కింది. సరే అంది.

"రేపు ఆడ ఆరు సెషన్లు" అన్నాడు నాగేంద్రబాబు, ఎవరి వైపూ చూడకుండా. "మధ్యలో మెత్తబడితే ఎవురు తీస్తారు? ఈ మనిషొస్తే బుడగ కనపడదు. నేను పోకుండా ఉండేదే మేలు."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కోపం రాలేదు. నా సంచి గోడకు చేర్చి ఉంది. స్పానర్లు, పైపు, సీసా, జాకీ అన్నీ వారం కిందటే సర్దుకున్నాను.

"పైపు జబీవుల్లా చూస్తాడు" అన్నాను. "తొక్కేది షరీఫా. లోపల గాలుంటే ఆమె కాలికి తెలుస్తాది. ఆమె వద్దంటే నువ్వు కారు ట్రాక్ మీదకి తీయబాకు. ఆమె సరే అంటేనే తీయి."

"అక్క ఆడికొస్తాదా?"

షరీఫా పీట మీద నుంచి లేచింది. "నన్నడక్కుండానే నన్ను పంపిస్తా ఉండావే" అంది నాతో.

"ఇప్పుడు అడగతా ఉండా."

"ఆడ ఆడోళ్లుంటారా?"

"నేనుండేటప్పుడు లేరు. ఇప్పుడెట్లుండాదో తెలీదు. ఎండుంటాది. చెవులు పగిలే మోత ఉంటాది. ఎవురూ నిన్ను పట్టించుకోరు."

ఆమె జబీవుల్లాను చూసింది. వాడు, "మన పిన్నమ్మ కూతురు ఆడ్నే ఉండాది గదా, రాత్రికి ఆమింట్లో దిగుదాం అక్కా" అన్నాడు. షరీఫా చేతులు తుడుచుకుంటూ ఇంట్లోకి పోయింది. పావుగంటకు బుర్ఖా వేసుకుని, చిన్న సంచితో వచ్చింది.

"సోమవారం పొద్దున సుమయా వస్తాది. నిన్ను నెల్లూరు కళ్లాస్పత్రికి తీసకపోతాది. రెండు కళ్లూ చూపించుకో" అంది. "నేనొచ్చిందాకా బ్రేకు పని ఏదీ పట్టబాకు."

పట్టనన్నాను.

నా సంచి జబీవుల్లా తీసుకుపోయి డిక్కీలో పెట్టాడు. నాగేంద్రబాబు నాతో పోయొస్తానని అనలేదు. తల మాత్రం ఊపాడు.

మూడూ నలభైకి బయలుదేరారు. నాగేంద్రబాబు నడుపుతున్నాడు. పక్క సీట్లో జబీవుల్లా. వెనక సీట్లో షరీఫా.